రెండో పలక

మార్కాపురంలో, తర్లుపాడు రోడ్డు మీద
మూతబడిన పలకల కార్ఖానా మేడపైన
ప్రతి బేస్తవారం రాత్రి మా ఆట.

కాగితాల్లేవు.
కత్తి బలమెంత, ప్రాణమెంత, సంచిలో తాడు ఎన్ని మూరలు
అన్నీ పలకల మీదే, బలపంతో.
దెబ్బ తగిలితే తడివేలితో ఒక అంకె చెరిపి
ఇంకో అంకె.
ఇరవై ముఖాల పాచికా ఇక్కడి రాయే.
లాలయ్య అరగదీశాడు, ఒక పక్క కాస్త బరువు.
పదమూడు జాస్తిగా పడుతుందని అందరికీ తెలుసు,
ఎవరూ అనరు.

కథ నడిపేది నేను.
గోడ అవతల ఏముందో నాకొక్కడికే తెలుసు.
పగలు బళ్లో ల్యాబ్ అటెండర్ని,
నన్నెవరూ ఏమీ అడగరు.

పలకలకి చెక్క చట్రాలు బిగించే కాశింబీ
ఒక వారం వచ్చి కూర్చుంది.
"దొంగనవుతా" అంది. రాశాను.
కాసేపాగి, "పూజారినీ అవుతా."
"రెండూనా?"
"రెండూనే."

నియమం చెప్పాను.
ఒక మనిషికి ఒక విద్య. రెండు కావాలంటే
రాక్షసుణ్ణి కొట్టి తెచ్చిన వెయ్యిలో
ఐదొందలు ఇటు, ఐదొందలు అటు.
వీళ్లు ఆరో మెట్టెక్కేసరికి
నువ్వు అక్కడా మూడే, ఇక్కడా మూడే.
పైగా దొంగసొమ్ము ముట్టిన రోజు
దేవుడు పలకడు.

మోటార్లు చుట్టే మాలకొండయ్య, మా యోధుడు, నవ్వాడు:
"రెంటికీ చెడ్డ రేవడివి అవుతావమ్మాయ్."

కాశింబీ బలపం చెవి వెనక పెట్టుకుంది.
"మా ఇంట్లో పీర్లకీ నడుస్తాం,
చెన్నకేశవుడి తేరుకీ నడుస్తాం.
ఉండేవి రెండు కాళ్లే.
సగం సగం నడవమని ఎవురూ చెప్పలా."

రెండో పలక ఇచ్చాను.

రాయి సంగతి మా ఊళ్లో పిల్లలకీ తెలుసు.
పొర దొరికితే ఉలిని ఒక్కసారి తడితే చాలు,
రెండవుతుంది.
దొరక్కుంటే పొడి.
ఈమె ఏ రకమో చూద్దామనుకున్నాను.

ఆర్నెల్లు అందరికన్నా వెనకే నడిచింది.
ఒకసారి శవం వేలి ఉంగరం లాగేసి
ఆ శవానికే శాంతి చేయించింది.
దేవుణ్ణి నేనే కాబట్టి రెండు వారాలు అలిగాను,
మూడో వారం నవ్వాపుకోలేక క్షమించాను.

ఆషాఢంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
సెల్‌ఫోన్ వెలుతురులో
వాళ్లని సమాధి కింద గదిలో పెట్టి మూశాను.
తలుపుకి ఏడు నాలికల తాళం.
నేల పగుళ్లలోంచి పచ్చటి పొగ.
మాలకొండయ్య యోధుడు పడిపోయాడు.
పలక మీద ప్రాణం: ఒకటి.
"కాశింబీ, నీ వంతు. ఒక్క పని."

తాళమా, మంత్రమా.

అప్పుడు తెలిసింది, ఆ రోజు లెక్క తప్పు చెప్పానని.
రెండు విద్యల ఖరీదు ఐదొందలూ ఐదొందలూ కాదు.
యోధుడికి కత్తి తప్ప రాదు,
రానిదాని కోసం అతను రాత్రిళ్లు మేలుకోడు.
ఈమె ఏ పని పట్టుకున్నా
వదిలేసిన రెండోది
ఈమెకి వచ్చు.

కింద వీధిలో ఎవరో ఆటో సెల్ఫు కొడుతూనే ఉన్నారు,
అది అందుకోవడం లేదు.
ఆమె చూపుడువేలు ఒక పలక మీద,
తర్వాత రెండో దాని మీద,
మళ్లీ మొదటిదాని మీద.
మాలకొండయ్య ఆమె వంక చూడకుండా
బీడీకట్ట వెతుక్కుంటున్నాడు.

"తాళం" అంది.
పాచిక పదమూడు.
నలుగురు బయటపడ్డారు.

మాలకొండయ్య పలక మీద సీసా నీళ్లు పోసి
తువ్వాలుతో గట్టిగా తుడిచాడు.
ఆరాక పేరు తెల్లగా మళ్లీ తేలింది,
పలకలతో ఉన్న తంటానే అది.
కాశింబీ "అన్నా" అంది. అంతే అంది.

పై బేస్తవారం అందరికన్నా ముందొచ్చాడు.
కొత్త మనిషిని రాసుకుంటాడట.
ఒక పలక ఒళ్లో పెట్టుకుని
మూలనున్న దొంతర వైపు చెయ్యి చాచి
"ఇంకోటియ్యి" అన్నాడు.
దాని మీద ఏం రాస్తావంటే
"ముందు ఇయ్యబ్బా" అన్నాడు.